మీ కుటుంబం ఏ వర్గం? మూడు తరాల లెక్క మీరే తీయడం ఎలా

సోషియాలజీ చదివేవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. వర్గం గురించి రాసిన మార్క్స్, వెబర్, బోర్దియూ నోట్స్ ఉన్నాయి, పరీక్షలో రాయగలం, కానీ మా ఇంటికి వీటిని ఎలా అన్వయించాలి? అసైన్‌మెంట్ చూస్తే అందరి జవాబూ ఒకటే ఉంటుంది: "మాది మిడిల్ క్లాస్ ఫ్యామిలీ." పదెకరాల మాగాణి ఉన్నవాళ్లూ అదే రాస్తారు, ఆటో నడిపే నాన్న ఉన్నవాళ్లూ అదే రాస్తారు. ఆ మాటతో ఏమీ తేలదు.

ఇంటి మొత్తానికి కలిపి ఒకే వర్గం వెతకడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఒకే కప్పు కింద వేరువేరు వర్గాల మనుషులు ఉంటారు, ఒకే మనిషి కూడా ఇక్కడ ఒక వర్గం, ఇంకో చోట ఇంకో వర్గం అవుతాడు. అందుకే కింద చెప్పేదంతా మనిషి మనిషికీ విడివిడిగా చేయాల్సిన పని.

ఉదాహరణకి జగిత్యాల వైపు ఒక ఇల్లు తీసుకుంటాను. ఇది నేను కల్పించిన కుటుంబమే, కానీ ఆ ప్రాంతం వాళ్లకి ఇందులో ప్రతి మనిషీ తెలిసినవాళ్లలాగే ఉంటారు. తాతకి మూడెకరాల మెట్ట. నానమ్మ బీడీలు చుట్టేది. నాన్న పదిహేనేళ్లు దుబాయ్‌లో నిర్మాణ పని చేసి వచ్చాడు. అమ్మ ఇంటి పనితో పాటు బీడీలూ చుట్టింది, డ్వాక్రా సంఘంలో ఉంది. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, కూతురు డిగ్రీ మధ్యలో పెళ్లయి వెళ్లిపోయింది.

ఏమేం కావాలి

- పెద్ద సైజు నోట్‌బుక్, పెన్సిల్. కొట్టేసి మళ్లీ రాయడం చాలా ఉంటుంది.
- పట్టాదారు పాసుపుస్తకం, దొరికితే పాత పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) నకలు. ఆంధ్ర వైపు అయితే అడంగల్, 1-బి. ఆంధ్రలో మీభూమి వెబ్‌సైట్‌లో, తెలంగాణలో ధరణి స్థానంలో 2025లో వచ్చిన భూభారతి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, కానీ తాతల కాలం వివరాలకి ఇంట్లో ఉన్న పాత కాగితాలే ఎక్కువ పనికొస్తాయి.
- టీసీలు, పీఎఫ్ పుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, పాత పాస్‌పోర్టు, పెళ్లి పత్రికలు, బంగారం తాకట్టు రసీదులు.
- మాట్లాడటానికి ఇద్దరు పెద్దవాళ్లు. ఒకరు నాన్న వైపు, ఒకరు అమ్మ వైపు. ఇద్దరూ నాన్న వైపు వాళ్లే అయితే సగం కథే వస్తుంది.

ఫోన్‌లో రికార్డ్ చేసేట్టయితే ముందే అడగండి. అప్పుల గురించి, కులం గురించి మాట్లాడేటప్పుడు మధ్యలో ఆపేయమంటే ఆపేయండి.

1. ముందు మీ అంచనా రాసిపెట్టండి

ఏ కాగితం తీయకముందే "మా కుటుంబం ఫలానా వర్గం, ఎందుకంటే..." అని రెండు వాక్యాలు రాసి తేదీ వేసి పక్కన పెట్టండి. చివర్లో ఇది కావాలి. చాలామంది ఇది వదిలేస్తారు, వదిలేస్తే ముందే అనుకున్నదాన్నే సిద్ధాంతం పేరుతో మళ్లీ రాశారో, కొత్తగా ఏదైనా తేలిందో మీకే తెలియదు.

2. మూడు తరాల పట్టిక గీయండి

తాతలు, నానమ్మ, అమ్మమ్మ. తర్వాత అమ్మానాన్నలు, మేనత్తలు, బాబాయిలు, మేనమామలు, పిన్నులు. తర్వాత మీరు, మీ తోబుట్టువులు, కజిన్స్. ఒక్కొక్కరికి ఒక వరుస. ఆ వరుసలో రాయాల్సినవి: పుట్టిన కాలం, ఊరు, చదువు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, చేసిన పనులన్నీ, ఎవరి కింద చేశారు, ఎవరి పేరు మీద ఏముంది.

పెద్దవాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు, అడిగితే తోచింది చెప్తారు. సంఘటనలతో అడగండి. రజాకార్ల కాలానికి ముందా తర్వాతా (1948)? ఎమర్జెన్సీలోనా (1975-77)? కృష్ణా జిల్లా వాళ్లయితే దివిసీమ ఉప్పెనకి (1977) ముందా? రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక (1983) పుట్టాడా? ఇలా అడిగితే చిన్నాన్న పుట్టిన ఏడాది రెండేళ్ల తేడాలో దొరుకుతుంది, అది చాలు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి. ఆడవాళ్ల పేరు పక్కన "హౌస్‌వైఫ్" అని రాసి ముందుకెళ్లకండి. "పెళ్లయ్యాక పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేసేదానివి?" అని అడగండి. కలుపు తీయడం, పాలు పితికి కేంద్రానికి పోయడం, బీడీలు, మిషన్ కుట్టడం, పచ్చళ్లు అమ్మడం అన్నీ బయటికొస్తాయి. మన ఉదాహరణ ఇంట్లో పీఎఫ్ పుస్తకం ఉన్నది నానమ్మకే, బీడీల మీద. ఆస్తిపరుడని పేరున్న తాతకి అలాంటి కాగితం ఏదీ లేదు.

3. మార్క్స్ ప్రశ్నలు: ఎవరి సొత్తు, ఎవరి కష్టం

సిద్ధాంతం ఒక్క ముక్కలో: ఆదాయం ఎంత అన్నదాన్ని బట్టి వర్గం తేలదు, భూమి, యంత్రం, సరుకు ఎవరివి, వాటి మీద కష్టపడేది ఎవరు, మిగులు ఎవరికి పోతుంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. ప్రతి మనిషికీ ఇవి అడగండి:

- పనికి కావాల్సినవి ఎవరివి?
- పని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎలా చేయాలి అని చెప్పేది ఎవరు?
- పంట లేదా సరుకు ఎవరి చేతికి వెళ్తుంది, ధర ఎవరు పెడతారు?
- వీళ్లు ఇంకొకరిని పనిలో పెట్టుకున్నారా, వీళ్లే ఇంకొకరి దగ్గర పనికి వెళ్లారా?

రైతు కుటుంబాలకి ఎకరాలు చూసి వర్గం తేల్చకండి. ముందు కొలతలు ఒకే దారికి తెచ్చుకోండి (ఎకరం అంటే 40 గుంటలు, 100 సెంట్లు), తర్వాత మెట్ట, మాగాణి విడిగా రాయండి. గోదావరి కాలువ కింద రెండెకరాలు, అనంతపురం మెట్టలో రెండెకరాలు ఒకటి కాదు. అంతకంటే ముఖ్యమైన లెక్క ఇంకోటి ఉంది. ఆర్థికవేత్త ఉత్సా పట్నాయక్ 1970లలో సూచించిన పద్ధతి ఇంటి లెక్కకి బాగా పనికొస్తుంది: బయటి శ్రమని మీరు ఎంత వాడుకున్నారు, మీ శ్రమని బయటివాళ్లకి ఎంత ఇచ్చారు, ఈ రెండిటి తేడా చూడటం. దాన్ని మనకి వీలుగా కాస్త సులువు చేసుకుందాం.

మన ఇంట్లో తాత పొలంలో కలుపుకీ కోతలకీ కలిపి పదిమంది చొప్పున నాలుగు రోజులు కూలీలు వచ్చారనుకోండి, 40 పనిదినాలు. అదే ఏడాది తాత, నానమ్మ కలిసి బయటి పొలాలకి కూలికి వెళ్లింది 90 రోజులు. అంటే పాసుపుస్తకంలో పట్టాదారు, లెక్కలో మాత్రం తన కష్టం అమ్ముకునే పేద రైతు. కౌలుకి ఇచ్చినా తీసుకున్నా అదీ ఈ లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే కౌలు డబ్బు కూడా ఇంకొకరి కష్టం నుంచి వచ్చేదే. పనిదినాలు కచ్చితంగా గుర్తుండకపోతే "మీరు కూలికి వెళ్లింది ఎక్కువా, మీ దగ్గరికి కూలీలు వచ్చింది ఎక్కువా?" అని అడిగినా సరిపోతుంది.

నానమ్మ విషయం చూడండి. తునికాకు కత్తిరించేది ఆమె, తంబాకు నింపేది ఆమె, దారం చుట్టేది ఆమె. కానీ ఆకూ తంబాకూ కార్ఖానా ఇచ్చినవి, కూలి వెయ్యి బీడీలకి ఇంత అని. కట్టలు తీసుకెళ్లి ఇస్తే బాగోలేవని కొన్ని పక్కన పడేస్తారు, వాటికి డబ్బు రాదు, పొద్దుపోయేదాకా చేసిన కష్టంలో ఆ భాగం పోయినట్టే. తన ఇంటి అరుగు మీద కూర్చుని, తనకి వీలైన టైంలో చేస్తోంది కదా అని ఆమెని "స్వయం ఉపాధి" కింద వేస్తే తప్పు. ఆమె కార్మికురాలు. ఆ ఇంట్లో అందరికంటే స్పష్టమైన మార్క్స్ ఉదాహరణ ఆమే.

నడుమ ఇరుక్కునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు: తాపీ మేస్త్రీ, సూపర్‌వైజర్, టీమ్ లీడ్, ఒక కుర్రాణ్ని పెట్టుకుని కిరాణా కొట్టు నడిపేవాళ్లు. వీళ్లని బలవంతంగా ఏదో ఒక పెట్టెలో పడేయకండి. అమెరికన్ సోషియాలజిస్టు ఎరిక్ ఓలిన్ రైట్ ఇలాంటివాటిని పరస్పర విరుద్ధమైన వర్గ స్థానాలు అన్నాడు: పైవాడికి ఉద్యోగి, కిందివాడికి యజమాని తరఫు మనిషి. మీ పట్టికలో "రెండూ" అని రాసి, ఎవరి ముందు ఏమిటో రాయండి. మన ఇంట్లో నాన్న దుబాయ్ లేబర్ క్యాంపులో కూలీ, అదే కాలంలో ఊళ్లో తన భూమి కౌలుకి ఇచ్చిన యజమాని. రెండూ నిజమే.

4. వెబర్ ప్రశ్నలు: మార్కెట్, మర్యాద, పలుకుబడి

జర్మన్ సోషియాలజిస్టు వెబర్ (1864-1920) వర్గంతో (అంటే మార్కెట్‌లో మనిషికున్న బలం) పాటు అంతస్తునీ (మర్యాద) అధికారాన్నీ (పలుకుబడి) విడిగా చూడమన్నాడు. డబ్బున్నా మర్యాద దక్కకపోవచ్చు, మర్యాద ఉన్నా చేతిలో చిల్లిగవ్వ లేకపోవచ్చు.

మార్కెట్‌కి ఒకే ఒక్క మంచి ప్రశ్న ఉంది: ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినప్పుడు ఏం చేశారు? పొలం అమ్మారా, బంగారం తాకట్టు పెట్టారా, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారా, ఆరోగ్యశ్రీ మీద చేయించారా, కంపెనీ ఇన్సూరెన్స్ చూసుకుందా? ప్రతి తరానికీ ఈ జవాబు రాస్తే బతుకు అవకాశాలు ఎలా మారాయో కళ్ల ముందు కనిపిస్తుంది. జీతం ఎంతని పది సార్లు అడిగినా ఇంత సమాచారం రాదు, పైగా జీతం గురించి ఎవరూ నిజం చెప్పరు.

మర్యాదకి మన భాషే పెద్ద సాక్ష్యం. తాతని ఊళ్లో ఎవరు ఏమని పిలిచేవాళ్లు? మల్లయ్య అనా, మల్లిగా అనా, మల్లయ్య పటేలా అనా? తాత ఎవరిని "నీ బాంచెన్" అనాల్సి వచ్చింది? పదేళ్ల దొర కొడుకు అరవై ఏళ్ల తాతని "ఏరా" అన్నాడా? ఎవరింట్లో మంచం మీద కూర్చోవచ్చు, ఎవరింట్లో గడప బయటే నిలబడాలి, హోటల్లో గ్లాసు విడిగా ఉండేదా? ఇవి అడిగి, జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ మాటల్లోకి మార్చకండి.

పలుకుబడి దగ్గర ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. సర్పంచ్, సొసైటీ డైరెక్టర్, యూనియన్ లీడర్ ఎవరైనా ఉన్నారా, తహసీల్దార్ ఆఫీసులో పని పడితే ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ మనిషి ఫోన్ ఎత్తుతాడా. ఈ మూడూ చాలు.

5. బోర్దియూ ప్రశ్నలు: ఏది దేనిగా మారింది

పియరీ బోర్దియూ (1930-2002) ఫ్రెంచ్ సోషియాలజిస్టు. డబ్బుతో పాటు చదువూ సంస్కారమూ ఒక పెట్టుబడి, పరిచయాలు ఇంకో పెట్టుబడి, ఇవి ఒకదాన్నుంచి ఒకదానిలోకి మారుతుంటాయి అన్నది ఆయన చెప్పిన దాంట్లో మనకి పనికొచ్చే ముక్క. కాబట్టి "మాకు పుస్తకాలు ఎన్ని ఉన్నాయి" అని లెక్కపెట్టి ఊరుకోకండి. మార్పు ఎక్కడ జరిగిందో పట్టుకోండి.

దుబాయ్ డబ్బు ముందు ఏజెంటుకి కట్టిన అప్పు తీర్చింది, తర్వాత మేడ అయింది, తర్వాత కూతురి కట్నం అయింది, మిగిలింది కొడుకు కార్పొరేట్ కాలేజీ ఫీజు అయింది. బాణం గుర్తులు వేసుకుంటూ ఇలా గీయండి. గీస్తే ఒకటి వెంటనే కనిపిస్తుంది: కూతురి మీద పెట్టినది కట్నం రూపంలో ఇంకో ఇంటికి వెళ్లిపోయింది, కొడుకు మీద పెట్టినది చదువు రూపంలో అతని దగ్గరే ఉండిపోయింది. ఖర్చు ఇద్దరికీ సమానమే అయినా ఫలితం వేరు.

అడగాల్సిన ప్రశ్నలు:

- ఎంసెట్ వెబ్ ఆప్షన్లు ఎవరు పెట్టారు? ఇంట్లోవాళ్లా, సీనియరా, నెట్ సెంటర్ అతనా? ఏ కాలేజీ ముందు పెట్టాలో తెలియడం కూడా పెట్టుబడే, ర్యాంకు ఒకటే అయినా సీటు వేరవుతుంది.
- ఇంగ్లీష్ మీడియం ఏ తరంలో, ఏ తరగతిలో మొదలైంది? అన్నకి తెలుగు మీడియం, తమ్ముడికి ఇంగ్లీష్ మీడియం అయితే ఇద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారు?
- మొదటి ఉద్యోగానికి రెఫరల్ ఇచ్చింది ఎవరు?
- ఏ చోటుకి వెళ్తే మీ అమ్మానాన్నలకి టెన్షన్? బ్యాంకా, కార్పొరేట్ ఆసుపత్రా, మీ ఆఫీసు ఫంక్షనా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది, కానీ మాట తీరు, కూర్చునే తీరు, ఒంట్లోకి ఇంకిపోయిన అలవాట్ల గురించి బోర్దియూ చెప్పినదంతా ఆ జవాబులోనే దొరుకుతుంది.

6. కులాన్నీ ఆడవాళ్లనీ చివరి పేరాలో వేయకండి

ఐరోపాలో పుట్టిన సిద్ధాంతాలు మనకి సరిపోవని రాసి చేతులు దులుపుకోవడం తేలిక. పని ఎక్కడుందంటే, మీ ఇంట్లో కులం వర్గాన్ని ఎక్కడ పెంచింది, ఎక్కడ ఆపింది అని చూపించడంలో. కులం శ్రమని విభజించడంతో ఆగదు, శ్రామికులనే విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. అది మీ పట్టికలో వెతకండి: ఒకే పొలంలో ఒకే కూలికి పనిచేసిన రెండు కులాల వాళ్లు పక్కపక్కన కూర్చుని తిన్నారా? లోను, కౌలు, పెళ్లి సంబంధం, హైదరాబాద్‌లో మొదటి గది, ఈ నాలుగూ ఎవరి ద్వారా వచ్చాయి? చాలాసార్లు నాలుగూ కులం ద్వారానే వస్తాయి, ఎవరి ద్వారా వచ్చాయో రాసినప్పుడే మనకది తెలుస్తుంది.

చదవడానికి దారి కావాలంటే, మన దగ్గర హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీద సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే రాసిన అధ్యయనం 1955లో వచ్చింది. తంజావూరు జిల్లాలో ఒక ఊరి మీద సోషియాలజిస్టు ఆంద్రే బెతెయ్ చేసినది 1965లో వచ్చింది. ఒకప్పుడు కలిసి ఉన్న కులం, భూమి, అధికారం ఎలా విడిపోతున్నాయో అందులో ఉంటుంది. మీ ఊళ్లో విడిపోయాయా అన్నది మీరు చెప్పాలి.

ఆడవాళ్ల ఆస్తి దగ్గర ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసి, 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లని వదిలేసింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. కాబట్టి మేనత్తల పెళ్లి పత్రికలు తీసి తేదీలు చూడండి. హక్కు ఉన్న మేనత్తకి నిజంగా గుంట భూమైనా వచ్చిందా, లేక "అన్నదమ్ములతో గొడవెందుకు" అని సంతకం పెట్టి వచ్చేసిందా? ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకి ఈ చట్టం వర్తించదు, వాళ్లు తమ వారసత్వ నియమాలే చూసుకోవాలి.

7. ఇప్పుడు రాయండి

మనిషికి నాలుగైదు వాక్యాలు. ప్రతి మాటకీ ఒక కాగితమో, ఒకరి నోటి మాటో ఆధారం ఉండాలి. తర్వాత ఇంటి మొత్తానికి ఒక పేజీ: ఎక్కడ పైకి వెళ్లింది, ఎవరి కష్టం మీద వెళ్లింది, ఎవరు అక్కడే ఆగిపోయారు. అసైన్‌మెంట్‌కి టైం తక్కువుంటే మూడు సిద్ధాంతాలూ అక్కర్లేదు. భూమి ఉన్న కుటుంబమైతే మార్క్స్, ఊళ్లో అవమానం, మర్యాద ప్రధానమైతే వెబర్, మొదటిసారి కాలేజీకి వెళ్లిన తరమైతే బోర్దియూ తీసుకుని లోతుగా చేయండి. తండ్రీ తాతల వివరాలు దొరకని వాళ్లు, వలస వెళ్లి కాగితాలు పోగొట్టుకున్న వాళ్లు, ఒకే తరంలో అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ పోల్చినా మంచి పనే అవుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రేషన్ కార్డు రంగు చూసి వర్గం తేల్చడం. అది ప్రభుత్వం పథకాల కోసం గీసిన గీత, ఆధారంగా వాడండి, తీర్పుగా వాడకండి.

ఈ రోజు భూమి రేటుతో తాతని కోటీశ్వరుణ్ని చేయడం. రింగ్ రోడ్డు పక్కన ఎకరం ఇప్పుడెంతన్నది అనవసరం, తాత బతికిన రోజుల్లో ఆ ఎకరం ఏం పండించిందో అది రాయండి.

"కష్టపడి పైకొచ్చారు" అన్న వాక్యం. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, నిజమే కూడా. కానీ అదే కష్టం పడిన పక్కింటివాళ్లు ఎందుకు రాలేదో చెప్పకపోతే దాంట్లో సోషియాలజీ లేదు. సాగునీరు, ఫీజు రీయింబర్స్‌మెంట్, రిజర్వేషన్, సింగరేణిలో వారసత్వ ఉద్యోగం, అమెరికాలో ఉన్న మేనమామ, ఏదో ఒకటి ఉంటుంది, వెతకండి.

ఈఎంఐలు మరిచిపోవడం. కొడుక్కి ఫ్లాట్ ఉందని రాస్తారు, ఇంకా పద్దెనిమిదేళ్లు కట్టాలని రాయరు.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

జీతం ఆగిపోతే పరీక్ష: ప్రతి మనిషికీ ఆరు నెలలు పని దొరకదనుకోండి. ఎవరి బతుకు ఎన్ని రోజులు నడుస్తుంది, దేని మీద నడుస్తుంది? మీరు "ఉన్నత వర్గం" అని రాసిన మనిషి రెండో నెలకే అప్పుకి వెళ్తాడని తేలితే ఆ వరుస మళ్లీ రాయండి.

అడుగు 1లో రాసిన కాగితం తీసి పక్కన పెట్టండి. ఒక్క పదం కూడా మారకపోతే, ముఖ్యంగా అందరినీ కలిపి ఒకే పేరు పెట్టి వదిలేసి ఉంటే, అడుగు 2కి తిరిగి వెళ్లి ఆడవాళ్ల వరుసలు మళ్లీ నింపండి.

మీ ఇంట్లో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, జీతగాడు, పనిమనిషి, కౌలురైతు, వాళ్ల వైపు నుంచి మీ ఇంటిని ఒక పేరా రాసి చూడండి. వీలైతే వాళ్లనే అడగండి, పరీక్ష పెట్టినట్టు కాకుండా మర్యాదగా. మీ పేజీకీ ఆ పేరాకీ తేడా ఎక్కడుందో అక్కడే మీరు మీ ఇంటివాళ్ల మాట నమ్మి రాసేశారన్నమాట.

రాసినదాన్ని ఆన్‌లైన్‌లో పెట్టేముందు పేర్లు, సర్వే నంబర్లు, అప్పుల వివరాలు తీసేయండి, మేనత్త సంతకం సంగతి ఆమెని అడక్కుండా పెట్టకండి. చివరిగా ఇంట్లో ఒక పెద్ద మనిషికి చదివి వినిపించండి. "అట్లా లేదు, మేమెప్పుడూ కూలికి పోలేదు" అని తాత అంటే వాదించకండి, మీరు రాసింది కొట్టేయకండి కూడా. ఆయన మాటని కింద విడిగా రాసి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో వేసి, రెండూ ఉంచండి.